పిట్ట ముట్టని నెల

బాపు పోయాక మా అమ్మ అన్నం మానేసింది. ఏడ్చి మానలేదు, అలిగి మానలేదు. "పిట్ట ముట్టలే. ఆయన తినంది నేనెట్ల తింట?" అన్నది, అంతే. పొద్దున చాయ్, అందులోకి రెండు బిస్కెట్లు, సాయంత్రం మా మరదలు కాళ్ళావేళ్ళా పడితే సగం రొట్టె. అసలే షుగరు మనిషి. గోళీలు మాత్రం మరిచిపోకుండా మింగేది. ఖాళీ కడుపుతో ఆ గోళీలు మింగితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు, తమ్ముడు చెప్పాడు, నేను అరిచి మరీ చెప్పాను. గోడకు చెప్పుకున్నా నయమే అనిపించింది.

మావాళ్ళలో మనిషి పోయాక వండినది ముందు పిట్టకు పెడతారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, దూరం జరిగి, దండం పెట్టి నిలబడతారు. కాకి వచ్చి ఒక్క మెతుకు ముట్టినా చాలు, ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో ఉండిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నలుగురూ వింటుండగా, పోయినవారితో పైకే మాట్లాడాలి. దాచింది ఉంటే చెప్పాలి, ఇవ్వాల్సిన మాట ఉంటే ఇవ్వాలి. పిట్ట ముట్టాకే ఇంట్లో ఎవరైనా తినడం.

పెద్దదినం నాడు సూరత్‌లో తాపీ నది ఒడ్డున అన్నీ పెట్టాం. బోటి కూర, చేపల పులుసు, గారెలు, బీడీల కట్ట. కల్లు కూడా పెట్టాలి. గుజరాత్‌లో కల్లెక్కడిది? మందు పేరెత్తితేనే పోలీసులు. మా తమ్ముడు దొప్పలో నల్లటి కూల్‌డ్రింకు పోశాడు. మా కులపెద్ద అది చూసి నోరు తెరిచాడు.

"ఏందిరా ఇది? మీ బాపు జిందగీల ఎన్నడన్న గిది తాగిండా? గీ తియ్యనీళ్ళకు ఆయన పైనుంచి దిగొస్తడా?"

అందరూ నవ్వారు. మావాళ్ళు చావు దగ్గర కూడా నవ్వుతారు, అది మా తప్పు కాదు, మా బతుకే అట్లాంటిది. కానీ కాకి రాలేదు. అంటే కాకులు లేకపోలేదు. పక్కన ఎవరిదో పిండప్రదానం జరుగుతుంటే అక్కడ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి మాత్రం మా విస్తరి దాకా వచ్చింది. మెడ పక్కకు వంచి చూసింది. చూసి, వెనక్కి గెంతి, ఎగిరిపోయింది. తమ్ముడు ముందుకెళ్ళి "అమ్మను మంచిగ చూసుకుంట బాపూ" అన్నాడు. నేను "నా మీద రంది పెట్టుకోకు" అన్నాను. మరదలు కూడా ఏదో అన్నది. అమ్మ మాత్రం పెదవి విప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేలకేసి చూస్తూ నిలబడింది. ఎండ నెత్తికెక్కాక కులపెద్ద విసిగిపోయి విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి ఆవుకు పెట్టించాడు. ఆవు తిన్నది, ఆవు తిన్నా చెల్లుతుందని మేమూ తిన్నాం.

"ఆవుదేమున్నది, అది అట్టపెట్టెలు గూడ తింటది" అన్నది అమ్మ ఇంటికొస్తూ. ఆ రోజు నుంచే అన్నం బందు.

నేను అదే ఊళ్ళో ఇంకో మూల, అమ్రోలిలో ఉంటాను. ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్ళంటించే పని నాది, కాబట్టి ఆ చీరల మూటతో సహా వచ్చి నెలమాసికం దాకా అమ్మ దగ్గరే ఉండిపోయాను. డిండోలిలో మా పుట్టిల్లు ఉన్నది ఒకదానికొకటి వీపు ఆనించుకున్న ఇండ్ల వరుస. ముందు గదిలోంచే మెట్లు, మెట్ల పైన ఇనుప తలుపు, అది దాటితే ఇంటి పైకప్పు, మా మాటలో ధాబా. పగలంతా వెలుతురు కోసం ఆ తలుపు తీసే ఉంచుతారు. బాపు మంచం మెట్లకు ఎదురుగా గోడ పక్కన ఉండేది. పోయిన రోజున దాన్ని లేపి గోడకు నిలబెట్టారు. నెల దాకా వాల్చొద్దన్నారు. నిలబెట్టిన ఆ మంచం ముందునుంచి పోయినప్పుడల్లా నాకు ఎవరో నిలుచుని చూస్తున్నట్టే ఉండేది.

ధాబా బాపు రాజ్యం. పాత పెయింటు బకెట్ల నిండా బంతి, గునుగు. బతుకమ్మ పండుగకు మా వాడకట్టు ఆడవాళ్ళందరూ ఆయన పూలకోసం వచ్చేవాళ్ళు. అమ్మ తులసి కూడా అక్కడే. ఆ పూలన్నిటికీ వెనక, నీళ్ళ ట్యాంకు గద్దె మీద, ఇనుప తలుపు పక్కనే, ఏటా రెండో మూడో గంజాయి మొక్కలు. తులసి వనంలో గంజాయి మొక్క అనే సామెతను మా బాపు నిజంగా ధాబా మీద పెంచాడు. ఎవరైనా అడిగితే "గోంగూర జాతి" అనేవాడు. ఆ ఆకు చూసి మా పక్కింటి గుజరాతీ ఆవిడ నమ్మింది కూడా.

వ్యాపారానికి కాదు. ఆయన ఒక్కడికే, ఆదివారం పూట, చిలుములో. నలభై ఏండ్లు సాంచెల మధ్య, ఆ మరమగ్గాల మోతలో నిలబడ్డ మనిషి. సాంచె ఆగినా ఆయన చెవుల్లో ఆగేది కాదు. "సప్పుడు చెవులకెల్లి దిగుతలేదే. గిది తాగితెనే జర దిగుతది" అనేవాడు. అమ్మకు ఆ చెట్టంటే మంట. పెండ్లైనప్పటినుంచీ దాని మీదే లొల్లి. "నాకు సవతిని తెచ్చి ట్యాంకు మీద కూసోవెట్టిండు" అని ఊరంతా చాటింపు. నీళ్ళు పోయదు, దాని పక్కనుంచి పోతే ముక్కు మూసుకుంటుంది. బాపు నవ్వేవాడు. అంతే, వాళ్ళిద్దరి కాపురం అట్లాగే గడిచింది.

ఈసారి వానాకాలం చివర బాపుకు దగ్గు పట్టుకుంది. మొదట మామూలు దగ్గు, తర్వాత మంచం. మెట్లెక్కే శక్తి పోయింది. దసరాకు ముందే పోయాడు. ఇంట్లో మైల కాబట్టి ఆ ఏడు బతుకమ్మకు ఎవరూ మా పూలు కోయలేదు. బంతులు చెట్టుమీదే నల్లబడిపోయాయి.

పెద్దదినం తెల్లారే తమ్ముడు సంచీ పట్టుకొని పైకి బయల్దేరాడు.

"గా గంజాయి పీకి ఖాడీ కాలువల పారేసొస్త. ఆయన ఉన్నన్ని దినాలు ఊకున్న. పోలీసోళ్ళొస్తె జైలుకు వోయేది నేను. సేఠ్ నన్ను సాంచెకాడికి రానిస్తడా మల్ల?"

అమ్మ మెట్లకు అడ్డంగా కూర్చుంది. "చెయ్యి వెడితె చూడు. దీవాళి ఎల్లినంక కొయ్యాలన్నడు మీ బాపు. పండనియ్యి. నెలమాసికం నాడు గదే చిలుములేసి పెడుదాం. దానికోసమే ముడ్తలేడు కావచ్చు."

"సవతి అంటివి గదనే!"

"సవతే. అయితేంది? ఆయన పెంచుకున్నది."

తమ్ముడు నా వైపు చూశాడు. వాడి భయం నిజం. కానీ అమ్మ కళ్ళు అప్పటికే లోపలికి పోయాయి, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆ చెట్టు పండితే ఆమె అన్నం ముడుతుందంటే ఆ చెట్టును నేనే నెత్తిన పెట్టుకొని మోస్తాను. "నెలదాకా ఓపిక పట్టరా. నేను చూసుకుంట" అన్నాను. వాడు సంచీ విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

అట్లా ఆ చెట్టు నా మెడకు పడింది.

గద్దె మీద రెండు ఉన్నాయి. ఒకటి నా భుజాల ఎత్తున గుబురుగా, పచ్చగా. రెండోది ఇంకా పొడుగు, కానీ నిలువునా ఎండిపోయింది, కట్టె లాగా. నీళ్ళు లేక చచ్చిందనుకొని తీసేయబోతే అమ్మ కిందినుంచే కేక వేసింది. "దాన్ని ముట్టకు! ఉండనియ్యి." ఎండిన కట్టెతో ఆమెకేం పనో అడగాలనిపించింది కానీ తిండి తినని మనిషితో వాదన ఎవరు పెట్టుకుంటారు.

చివరి రోజుల పని నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు బాపు పక్కన కూర్చొని చూసినదే. కోతకు ముందు ఆయన దాన్ని సాకినట్టు ఎవరూ పెండ్లికూతురిని కూడా సాకరు. పండిన ఆకులు ఒక్కొక్కటే గిల్లి తీసేయాలి, లాగితే కొమ్మ చీరుకుపోతుంది. లోపలి కొమ్మలకు ఎండ తగలాలి. సాలెపురుగులు గూడు కడితే పుల్లతో చుట్టి తీయాలి. బకెట్టును సూర్యుడి వైపు తిప్పుతుండాలి. నీళ్ళు రోజురోజుకూ తగ్గించి, చివరికి ఆపేయాలి. "కడుపు మాడ్చాలె. అప్పుడే దాని గుణం బయటికొస్తది" అనేవాడు. పైన చెట్టుకు నేను నీళ్ళు ఆపుతుంటే కింద అమ్మ తన కడుపు తానే మాడ్చుకుంటోంది. ఏ రోజుకారోజు నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ ఆకులు గిల్లుతూ బాపును తిట్టేదాన్ని. "పోయినోనివి పోక, ఏం కావాల్నో చెప్పి పోవద్దా?" అని.

అప్పుడే వాసన మొదలైంది. కోత దగ్గరపడితే ఆ చెట్టు ఊరుకోదు. మొదట ధాబా మీదే ఉండేది. తర్వాత మెట్ల మీదికి దిగింది. ఒకరోజు మధ్యాహ్నం నేను చీరకు రాళ్ళంటిస్తుంటే ముందు గదిలోకి వచ్చింది. అది ఆకు వాసన కాదు. బాపు చొక్కా వాసన. ఆదివారాలు ఆయన పైనుంచి దిగొచ్చి గడపలో నిలబడినప్పుడు వచ్చే వాసన. తలెత్తి చూశాను. నిలబెట్టిన మంచం తప్ప ఏమీ లేదు. అమ్మ గోడకానుకొని కూర్చుంది, కళ్ళు మూసుకొని.

"ఒచ్చిండు" అన్నది, కళ్ళు తెరవకుండానే.

"చెట్టు వాసనే అమ్మా."

"నాకెర్క లేదానే, చెట్టు వాసనేదో, మనిషి వాసనేదో?"

చీర పక్కన పెట్టి లేచాను. అగరుబత్తి ముట్టించాను. ఇల్లంతా రెండు వాసనలూ కలిసి ఇంకా అధ్వాన్నమైంది.

తర్వాత ముడులు. కంకులు బరువెక్కి కొమ్మలు వంగుతున్నాయి, రేపు కట్టాలి అనుకొని దిగొచ్చాను. తెల్లారి వెళ్ళేసరికి కట్టి ఉన్నాయి. ట్యాంకు పైపుకు, ఆకుపచ్చ నూలుతో, నేతముడి వేసి. తెగిన పోగును అతికేటప్పుడు మావాళ్ళు వేసే చిన్న ముడి అది, లాగినకొద్దీ బిగుస్తుంది. బాపు ఎడమచేతి వాటం, కాబట్టి ఆయన ముడి తిరగబడి ఉంటుంది. ఇవీ తిరగబడే ఉన్నాయి. నేను అక్కడే ట్యాంకు పట్టుకొని నిలబడిపోయాను. అబద్ధమెందుకు, భయపడ్డాను. కన్నతండ్రి అయినా సరే, పోయిన మనిషి పోయినట్టుండాలి కదా.

అమ్మకు చెప్పలేదు. మర్నాడు వెలుగు రాగానే పైకెక్కి బంతి బకెట్ల వెనక కూర్చున్నాను. రాత్రి పాళీ పని దిగొచ్చిన మా తమ్ముడు, మొహం కూడా కడుక్కోకుండా, పిల్లిలాగా పైకొచ్చాడు. జేబులోంచి ఆకుపచ్చ పోగు తీశాడు. ఒక కొమ్మను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. ముడి వేసేటప్పుడు వాడి పెదవులు కదులుతున్నాయి. వాడికి ముడి నేర్పింది బాపే. ఎడమచేత్తో నేర్పితే ఎడమచేత్తోనే నేర్చుకున్నాడు, మిగతావన్నీ కుడిచేత్తోనే చేస్తాడు.

"ఓరి దొంగా" అన్నాను.

ఎగిరిపడ్డాడు. "అక్కా! సావగొడ్తివి గదే!" చెట్టుకేసి చూస్తూ అన్నాడు. "పీకుదామనే ఒచ్చిన. కొమ్మ ఇరుగుతున్నది. చూస్తూ ఊకుందునా? అమ్మకు చెప్పకు."

"ఎన్ని కట్టినవ్?"

"నిన్న రెండు. ఇది మూడోది."

నేను కొమ్మలకేసి చూశాను. అంతకంటే ఎక్కువే కట్టి ఉన్నాయి. వాడు నిద్రమత్తులో లెక్క తప్పాడేమో. నేను మళ్ళీ అడగలేదు, వాడూ చూడలేదు.

దీవాళి వచ్చింది, సాంచెలు ఆగిపోయాయి. సూరత్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఏడాదిలో ఆ కొద్దిరోజులే నిశ్శబ్దం. పటాకుల మోత తగ్గాక, పొద్దుటిపూట, ఎక్కడా ఖట్ ఖట్ లేదు. గోడలు వణకవు, గిన్నెలు మోగవు. బాపు ఉన్నప్పుడు ఆ రోజుల్లో ధాబా మీద కూర్చొని చెవులు రుద్దుకునేవాడు. ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు నాకు దగ్గు వినబడింది. పైనుంచి. తెరలు తెరలుగా, గొంతులో నవ్వు ఇరుక్కున్నట్టు, ఆయన దగ్గే. మరదలు చేతిలో పిండి అట్లాగే పట్టుకొని నన్ను చూసింది.

"వదినే, ఇనవడ్డదా?"

"గువ్వలు కావచ్చు. గువ్వలు గట్లనే కూస్తయ్" అన్నాను.

పైకి వెళ్ళి చూస్తే ఎండిన కట్టె మీద గువ్వ ఒకటి నిజంగానే ఉంది. నన్ను చూసి లేచిపోయింది. సరే, గువ్వే. కానీ ఆ గువ్వ మా ఇంట్లో ఇన్నేండ్లలో ఎప్పుడూ దగ్గలేదు.

మాసికం రేపనగా చెట్టు పండింది. తెల్లగా ఉండే పూల వెంట్రుకలు ఎర్రబడ్డాయి, బాపు చెప్పే గుర్తు అదే. ఒక చిన్న కంకి గిల్లి చిలుముకోసం నలిపాను. వేళ్ళకు గట్టిగా తగిలింది. విప్పి చూస్తే గింజలు. బూడిదరంగు మీద చారలు, నున్నగా, నిండుగా. ఇంకోటి గిల్లాను. అందులోనూ గింజలే. చెట్టంతా గింజలే. గింజ పట్టిందంటే బాపు దృష్టిలో ఆ చెట్టు పాడైపోయినట్టే. అందుకే పూత రాగానే పోతు చెట్టును గుర్తుపట్టి పీకేసేవాడు. అది ఉంటే పుప్పొడి పడి పక్కచెట్టు గింజ కడుతుంది. అప్పుడు చూశాను ఆ ఎండిన కట్టెను. అదే పోతుది. పని అయిపోయాక దానంతటదే ఎండిపోయింది.

తమ్ముడికి చూపించాను. వాడు గింజలు అరచేతిలో వేసుకొని కూలబడ్డాడు. "ఇన్ని రోజులు గీ ఖరాబైనదానికోసం సేవ చేసినమా? అమ్మకేం చెప్తవే?"

"చెప్పేటిదేం లేదు" అన్నది అమ్మ. ఎప్పుడెక్కిందో మెట్లు, చివరి మెట్టు మీద రొప్పుతూ, గోడ పట్టుకొని నిలబడి ఉంది. "గింజ వడ్తదని నాకెర్కనే."

ఇద్దరం చెరోవైపు పట్టుకొని గద్దె మీద కూర్చోబెట్టాం. ఆమె పోతు చెట్టు ఎండిన మొదలును చేత్తో పట్టుకుంది.

"మీ బాపు మంచంల వడ్డంక ఒకటే గునుసుడు. 'పోతుది పీకెయ్యవే, గింజ వడ్తది, ఖరాబైతది' అని. నేను ఎన్నడు దాని మొకం చూడంది. అయినా పైకొచ్చిన. ఏది పోతుదో నాకెర్క లేదా? ఇన్నేండ్లు లొల్లివెట్టుకుంట చూసిందే గదా. గిదే. గింత ఎత్తు, నిగనిగ ఉండె. మొదలు పట్టిన. కింద ఆయన దగ్గు ఇనవడుతున్నది. మొగన్ని మంచంల వెట్టుకొని, నా చేతులతోని మొగచెట్టును ఎట్ల పీకుదు బిడ్డా? చెయ్యాడలే. కిందికొచ్చిన. 'పీకినవా?' అన్నడు. 'పీకిన' అన్న. మల్ల అడిగిండు. 'పీకిన గదా, పండుకో' అన్న. గంతే. మల్ల మాట్లాడలే ఆయన."

తమ్ముడు అరచేతిలోని గింజలు మెల్లగా గద్దె మీద పోశాడు.

"ఆఖరికి ఆయనతోని ఆడిన మాట అబద్ధమాయె. పైకి వోయి చూసి ఉంటడు. పీకలేదని చూసి ఉంటడు. అందుకే ముడ్తలేడు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "దీనికోసమా అన్నం మాన్నది? ఇన్ని రోజులు? చెప్పొద్దా మాకు?" అని అరిచాను. అరుస్తూనే ఆమె తల నా కడుపుకేసి పెట్టుకున్నాను. తల ఎంత తేలికైపోయిందో అప్పుడే తెలిసింది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే ఆమె కూడా పోతుంది, ఆ ఆలోచన నాకు మొదటిసారి సూటిగా వచ్చింది.

"రేపు ఇస్తరి ఇక్కడనే పెడుదాం" అన్నది అమ్మ. "తాపీకాడ వద్దు. గీ చెట్టుకిందనే. నేను చెప్పుకుంట ఆయనకు."

మర్నాడు చేపల పులుసు, బోటి, గారెలు మళ్ళీ వండాం. ఈసారి తమ్ముడు కల్లు సంగతి ఎత్తలేదు, దొప్పలో మంచినీళ్ళు పోశాడు. చిలుము పక్కన పెట్టాడు, ఖాళీగా. చెట్టు కింద ముగ్గు వేసి విస్తరి పరిచాం. ముగ్గురం ఇనుప తలుపు దగ్గరికి జరిగాం. అమ్మ ఒక్కతే చెట్టు ముందు మిగిలింది. వాడకట్టు ధాబాల మీద పిల్లలు మిగిలిపోయిన పటాకులు ఏరుకుంటున్నారు. అంత పలుచటి గొంతు ఎవరికి వినబడుతుంది అనుకున్నాను కానీ, సాంచెలు ఆగిన ఊళ్ళో స్పష్టంగా వినబడింది.

"నేను పీకలే. పీకిన అన్న గని పీకలే. నా చేతుల కాలేదు. నువ్వు ఏమన్న అనుకో. కోపమొస్తె నన్ను తిట్టు, అన్నం మీద చూపకు."

వచ్చి నా పక్కన నిలబడింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

చాలాసేపు ఏమీ కాలేదు. పులుసు మీద తెట్టు కట్టింది. మరదలు కులదేవతకు మొక్కుకోవడం మొదలుపెట్టింది. తమ్ముడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఇవాళ కూడా ముట్టకపోతే అమ్మ ఇంక ఎవరి మాటా వినదు. ఏదైనా పట్టుకొచ్చి బలవంతంగా కాకి నోట్లో కుక్కుదామా అన్నంత పిచ్చి ఆలోచనలు వచ్చాయి నాకు.

గువ్వ వచ్చింది. నిన్నటిదో మొన్నటిదో, పోతు కట్టె మీద వాలి మమ్మల్ని చూసింది. తర్వాత పక్క చెట్టు మీదికి గెంతి, కంకిలో ముక్కు పెట్టి గింజ లాగింది. ఇంకో గువ్వ. తర్వాత పిచ్చుకలు, ఎక్కడినుంచో గుంపుగా. నీళ్ళు మాన్పించిన చెట్టేమో, కంకులు తడిలేక ఊరికే విచ్చుకుంటున్నాయి. గింజలు టపటపా రాలి విస్తరి చుట్టూ, అన్నం మీద పడుతున్నాయి. తమ్ముడు నూలుతో కట్టిన కొమ్మలు పిట్టల బరువుకు ఊగుతున్నాయి గానీ విరగలేదు. ధాబా అంతా రెక్కల చప్పుడు. నలుగురు తింటున్న చోటికి కాకి రాకుండా ఉంటుందా? ట్యాంకు మీద ధడాలున వాలింది. అరిచి పిచ్చుకలను చెదరగొట్టింది. విస్తరి దగ్గరికి అడ్డదిడ్డంగా నడిచొచ్చి, మెడ వంచి చూసింది, సరిగ్గా తాపీ ఒడ్డున చూసినట్టే. అన్నం ముద్ద, అందులో చేప ముక్క, రెండూ కలిపి నోట కరుచుకొని ఎగిరిపోయింది.

"ముట్టింది! అమ్మా, ముట్టింది!" అని తమ్ముడు చిన్నపిల్లాడిలా అరిచాడు. అరిచి అక్కడే కూర్చొని ఏడ్చాడు. బాపు పోయిననాడు కూడా అంత ఏడవలేదు వాడు. మరదలు నా భుజం మీద వాలిపోయింది. అమ్మ మాత్రం పోతు కట్టెకు దండం పెట్టి, మెల్లగా మెట్లు దిగడం మొదలుపెట్టింది.

చెట్టును మేం కోయలేదు. పిట్టలకే వదిలేశాం. కొన్నాళ్ళ తర్వాత తమ్ముడు ఆ రెంటినీ పీకి తాపీలో వదిలొచ్చాడు.

మాసికం రోజున కిందికొచ్చాక గోడకు నిలబెట్టిన మంచాన్ని వాల్చాం. ఎప్పటి చోటే, మెట్లకు ఎదురుగా. అమ్మ దాని మీద కూర్చుంది. నేను కంచంలో అన్నం వేసి, పులుసు పోసి, చేతిలో పెట్టాను. మొదటి ముద్ద కలపడానికే చాలాసేపు పట్టింది. తిన్నది. రెండోది తిన్నది. మూడో ముద్ద ఎత్తి అట్లాగే ఆగిపోయింది. ఆమె చూపు మెట్ల పైకి పోయింది.

ఏమైందోనని నేను పక్కన కూర్చొని అటే చూశాను. మెట్ల పైన తీసి ఉన్న ఇనుప తలుపు. అందులో ఆకాశం ముక్క. ఆ ముక్కకు సరిగ్గా నడుమ, గద్దె మీద నిటారుగా, పోతు చెట్టు కొన. ఎండిపోయి కూడా అంత స్పష్టంగా కనబడుతోంది. పచ్చగా ఉన్నప్పుడు ఇంకెంత కనబడి ఉంటుందో. బాపు చివరి రోజులన్నీ ఈ మంచం మీదే, ఆ తలుపు వైపే మొహం పెట్టి పడుకున్నాడు.

"ఆయనకు ఎర్కనే ఉండె" అన్నది అమ్మ. "చూసుకుంటనే అడిగిండు. నేను పీకిన అంటె ఊకున్నడు."

ఆమె కండ్లలోంచి నీళ్ళు కారి కంచంలో పడుతున్నాయి. తుడుచుకోలేదు. చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకొని నమిలింది, మింగింది. తర్వాత కంచం నా వైపు జరిపింది.

"ఇంకింత అన్నం వెయ్యి బిడ్డా. ఆకలైతున్నది."